ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కారు జర్కులిస్తోంది, చెక్ ఇంజన్ లైటు మిణుకుమంటోంది: ఇంజెక్టర్లు, పంపు మార్చేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఏడేళ్ల పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు, ఇప్పటిదాకా ఏ పేచీ పెట్టలేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఉన్నట్టుండి జర్కులు మొదలయ్యాయి, పికప్ పోయింది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. పక్కకు ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే నడిచింది, తర్వాత మళ్లీ అదే వరస. వర్క్‌షాపులో నాలుగు ఇంజెక్టర్లు (సిలిండర్లకు పెట్రోలు చిమ్మేవి), ఫ్యూయల్ పంపు (ట్యాంకులోంచి పెట్రోలు పంపేది) మార్చాలన్నారు. వచ్చే వారం పెళ్లికి రాజమండ్రి వెళ్లాలి, ఈ కారులో పోవచ్చా అని మీ ప్రశ్న.

ఆ బిల్లుకు ఇప్పుడే ఒప్పుకోకండి. ఈ లక్షణాలకు నేనైతే మొదట అనుమానించేది ఇగ్నిషన్ కాయిల్‌ని (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది), తర్వాత స్పార్క్ ప్లగ్గుని (సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించి పెట్రోలును మండించేది). ఇంజెక్టర్, పంపు ఆ తర్వాతి వరసలో వస్తాయి. కాయిల్ పోయిందో లేదో తేల్చుకోవడానికి కొత్త పార్టు కొనాల్సిన అవసరం కూడా లేదు. ఎలాగో కింద చెప్తాను.

ముందు ఆ లైటు సంగతి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతుంటే వీలు చూసుకుని చూపించుకోవచ్చు. మిణుకుమంటుంటే మాత్రం ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని అర్థం. ఆ పచ్చి పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపల ఉండే పింగాణీ జల్లెడ ఆ వేడికి కరిగి మూసుకుపోతుంది. కన్వర్టర్ ఖరీదు ముందు కాయిల్ ఖరీదు లెక్కలోకే రాదు. అందుకే లైటు మిణుకుమన్న క్షణం నుంచి యాక్సిలరేటర్ తొక్కడం తగ్గించి, ఏసీ ఆపేసి, సురక్షితమైన చోటు చూసుకుని పక్కకు తీయాలి. 'ఇంటిదాకా ఎలాగో లాగించేద్దాం' అనుకునే సమస్య కాదిది.

నా కారుకు ఇదే జబ్బు హైదరాబాద్-విజయవాడ హైవే మీద, చౌటుప్పల్ దాటి చిట్యాల వైపు వెళ్తుండగా వచ్చింది. ఎనభై వేల కిలోమీటర్లు దాటిన బండి. లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవాల్సింది పోయి ఊగిపోయింది. వెనక సీట్లో మా అత్తయ్య 'టైరు పంక్చరైందేమో చూడు నాయనా' అన్నారు. నిజంగా అలాగే ఉంటుంది ఆ ఊగడం. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే కంటికి ఏమీ కనబడదు. వైర్లు బాగున్నాయి, కూలెంట్ ఉంది, ఆయిల్ ఉంది, వాసన లేదు, పొగ లేదు. ఐడిలింగ్‌లో చిన్నగా వణుకు తప్ప ఇంకేమీ లేదు. మెల్లగా దగ్గర్లోని గ్యారేజీ దాకా తీసుకెళ్తే మొదట విన్న మాట 'పెట్రోల్లో కల్తీ సార్, ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి' అని. పెట్రోలు కొట్టించింది రెండు రోజుల ముందు. కల్తీయే అయితే ఈ రెండు రోజులూ ఎలా నడిచినట్టు? అదే అడిగాను. అప్పుడు అక్కడున్న పెద్ద మెకానిక్, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తెప్పించాడు.

మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 (వాహనాల పొగ కాలుష్య ప్రమాణం) దేశమంతా తప్పనిసరి అయింది, మీ కారు ఆ తర్వాతది. కాబట్టి స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఓబీడీ పోర్టు, అంటే స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. ఈఎల్ఎమ్327 అనే బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు మండకపోవడం) అయితే వచ్చే కోడ్‌లు ఇవి: పీ0301 వస్తే ఒకటో సిలిండర్, పీ0302 వస్తే రెండోది, అలా పీ0304 దాకా. పీ0300 వస్తే ఒకే సిలిండర్ అని కాదు, అక్కడా ఇక్కడా మిస్ అవుతోందని. ఒకటో నంబరు సిలిండర్ చాలా కార్లలో టైమింగ్ చైను లేదా బెల్టు ఉన్న వైపు ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోడ్ చదవకముందే బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టడం, 'రీసెట్ చేస్తే పోతుంది సార్' అని కోడ్ చెరిపేయడం ఒప్పుకోవద్దు. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఆర్పీఎం ఎంత, స్పీడు ఎంత, లోడు ఎంత అన్నవి కూడా కంప్యూటర్ దాచి పెడుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు దాన్ని. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. ముందు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోండి.

కోడ్ రాగానే పని అయిపోలేదు. అది ఏ సిలిండరో చెప్తుంది, ఏ పార్టో చెప్పదు. చాలా చోట్ల డబ్బు పోయేది సరిగ్గా ఇక్కడే. ఉదాహరణకు పీ0302 చూపించి 'ఇంజెక్టర్ పోయింది' అంటారు, మనం తల ఊపుతాం. రెండో సిలిండర్ మండకపోవడానికి కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగు, కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి) ఏదైనా కారణం కావచ్చు.

తేల్చే పద్ధతి మార్పిడి. ఇప్పటి పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ ఉంటుంది. నాలుగూ ఒకటే రకం. ఇంజన్ ఆఫ్ చేసి, బాగా చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్ కనెక్టర్ మెల్లగా లాగి, బోల్టు విప్పి (చాలా వాటికి 10 నంబర్ స్పానర్ సరిపోతుంది) కాయిల్ పైకి తీయండి. మూడోది కూడా తీసి, దీన్ని అక్కడ, దాన్ని ఇక్కడ పెట్టండి. కనెక్టర్ లాక్ ప్లాస్టిక్‌ది, ఏడేళ్ల వేడికి పెళుసుబారి ఉంటుంది, బలవంతంగా లాగితే విరుగుతుంది. ఇప్పుడు కోడ్ చెరిపేసి, ఇంజన్ వేడెక్కేదాకా ఊరికే ఓ రౌండు వేయండి. మిస్‌ఫైర్ పీ0303కి మారిందా, కాయిలే దొంగ. ఇంకా పీ0302 దగ్గరే ఉందా, కాయిల్ నిర్దోషి. అప్పుడు ఇలాగే ప్లగ్గులు మార్చి చూడాలి. తర్వాతే ఇంజెక్టర్. అదీ కాకపోతే కంప్రెషన్ టెస్ట్. ఇంజన్ నడుస్తుండగా చేత్తో కాయిల్ పట్టుకుని పైకి లాగడం మాత్రం చేయకండి. అందులో వేల వోల్టుల కరెంటు ఉంటుంది.

మీరు చేసుకోలేకపోతే మెకానిక్‌నే అడగండి: 'కాయిల్ మార్చి పెట్టి చూశారా? కోడ్ మారిందా?' చూసి ఉంటే వెంటనే చెప్తాడు. చూడకుండానే ఇంజెక్టర్ల కొటేషన్ ఇచ్చి ఉంటే ఆయన ముఖంలోనే తెలిసిపోతుంది.

ఫ్లైఓవర్ మీదే ఎందుకు వచ్చింది, కిందకు దిగాక ఎందుకు సర్దుకుంది అని మీకు అనుమానం కదా. మీ సమస్యను పట్టించేది అదే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర స్పార్క్ ఎగరాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ పైపూతలో సన్నని పగులు ఉంటే కరెంటు ఆ కష్టమైన దారి వదిలేసి, పగులు గుండా పక్కనున్న ఇంజన్ లోహానికి దూకేస్తుంది. ఐడిలింగ్‌లో అంత వోల్టేజీ అక్కర్లేదు కాబట్టి అదే కాయిల్ బుద్ధిగా పనిచేస్తుంది. పైగా వేడెక్కితే పగులు తెరుచుకుంటుంది. షెడ్డులో పెట్టి ఖాళీ రేసు ఇచ్చి 'బాగానే ఉంది సార్' అంటే అందుకే నమ్మకూడదు. ఇక ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కన్వర్టర్‌ను కాపాడటానికి చాలా కార్లలో కంప్యూటర్ ఆ సిలిండర్‌కు పెట్రోలు ఆపేస్తుంది, తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగి వదులుతుంది.

నా బండిలో కాయిలే పోయింది, కానీ కథ అక్కడితో ఆగలేదు. కాయిల్ పైకి తీసినప్పుడు దాని రబ్బరు తొడుగు ఆయిల్‌తో తడిసి ఉంది. ప్లగ్గు గుంతలోకి టార్చి వేస్తే అడుగున ఆయిల్ నిలిచి ఉంది. ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్ కింద ఉండే ప్యాకింగ్ గట్టిపడి, సందులోంచి ఆయిల్ కారుతోంది. ఆ ఆయిల్‌కు రబ్బరు ఉబ్బి మెత్తబడి, కాయిల్ దెబ్బతింది. కాయిల్ ఒక్కటే మార్చి పంపి ఉంటే కొన్నాళ్లకు కొత్తదీ అదే దారి పట్టేది. పెద్ద మెకానిక్ ప్యాకింగ్ కూడా మార్చాకే బానెట్ దించాడు. అందుకే మీ కాయిల్ తీసినప్పుడు అది ఏ సిలిండర్‌దో చూడటంతో పాటు రబ్బరు తొడుగు కూడా చూడండి. ఆయిల్ ఉంటే ప్యాకింగ్. తుప్పు, నీటి చారలు ఉంటే పైనుంచి నీళ్లు చేరాయి. ప్రెషర్ గన్‌తో ఇంజన్ కడిగిస్తే ఇలా జరుగుతుంది. పొడిగా ఉండి, తెల్లని లేదా నల్లని సన్నని గీత కనిపిస్తే కరెంటు దూకిన జాడ అదే.

ప్లగ్గులు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే నాలుగూ కొత్తవి వేయించండి. అరిగిన ప్లగ్గుకు సందు పెరుగుతుంది, సందు పెరిగితే కాయిల్ మీద భారం పెరుగుతుంది.

వర్క్‌షాపువాళ్లు పంపు అంటున్నారు కాబట్టి దాని లక్షణాలు కూడా చెప్తాను, మీరే పోల్చుకోండి. పంపు బలహీనపడితే ఒక్క సిలిండర్ కాదు, ఇంజన్ మొత్తం నీరసిస్తుంది. స్పీడు ఎక్కదు, కొసరికొసరి లాగి చివరికి ఆగిపోతుంది. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి ఒకటి రెండు సెకన్లు 'జుయ్' మని వినిపించాలి. పూర్తిగా పోయిన పంపుకు ఆ చప్పుడే ఉండదు. ఎప్పుడూ రిజర్వులో నడిపేవాళ్లకు పంపు త్వరగా పోతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఇక పెట్రోల్లో నీళ్లు కలిస్తే బంకు నుంచి బయటికొచ్చిన కొద్ది కిలోమీటర్లలోనే గొడవ మొదలవుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్లో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి వేరుపడి అడుగుకు దిగుతాయి, పంపు మొదట లాగేది ఆ అడుగుదే. మీరు ఈ మధ్య పెట్రోలు కొట్టించలేదన్నారు, కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

నడుస్తున్న బండి జర్కులేమీ లేకుండా స్విచ్ ఆపినట్టు ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సర్‌ను (ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేదాన్ని) అనుమానించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు కదలకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. ఐడిలింగ్‌లో వణికి, రేసు ఇస్తే సర్దుకుంటూ, బానెట్ కింద 'స్స్' మని వినిపిస్తుంటే వాక్యూమ్ పైపు (ఇంజన్ గాలి పీల్చే దారికి కలిసే సన్న గొట్టం) ఊడిందో చిరిగిందో. మీది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఎలుకల సంగతి మాత్రం తప్పకుండా చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే కార్లకు ఇదో పెద్ద బెడద. కాయిల్ కనెక్టర్ దగ్గర, ఇంజెక్టర్ వైర్ల దగ్గర కొరికిన గుర్తులు, ఎలుక పెంటికలు ఉన్నాయేమో టార్చి వేసి వెతికితే సరి.

ఎర్ర లైట్ల విషయంలో ఈ పరిశోధనలేవీ వద్దు. ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే అక్కడికక్కడే ఇంజన్ ఆపేయాలి, లేకపోతే సీజ్ అవుతుంది. టెంపరేచర్ ఎరుపులోకి పోతే ఆపి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు.

రాజమండ్రి ప్రయాణం గురించి. లైటు మిణుకుమంటున్న కారుతో 150 కిలోమీటర్ల పైచిలుకు హైవే, అదీ చీరలూ పిల్లలూ సామానూ ఎక్కించుకుని, వద్దే వద్దు. పెళ్లికి ఇంకా వారం ఉంది. రేపు స్కాన్, ఎల్లుండి మార్పిడి టెస్ట్, కాయిల్ అయితే కంపెనీది గానీ పేరున్న బ్రాండుది గానీ వేయించండి, పెట్టె లేని చౌక రకం వద్దు. వేయించాక గ్యారేజీ గుమ్మంలో రేసు ఇచ్చి చూసి సంతోషపడకండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని అదే ఫ్లైఓవర్ రెండుసార్లు ఎక్కించండి. తర్వాత స్కానర్ పెట్టి 'పెండింగ్ కోడ్స్' అన్న చోట కూడా చూడండి. లైటు వెలగడానికి ముందే కొన్ని మిస్‌ఫైర్లు అక్కడ నమోదై ఉంటాయి. అక్కడా ఖాళీగా ఉంటే ధైర్యంగా బయల్దేరండి. దారిలో ఏదైనా అయితే నేషనల్ హైవేలో సాయానికి 1033కి ఫోన్ చేయొచ్చు.

ఆలోగా తేలకపోతే విజయవాడ నుంచి రాజమండ్రికి రైళ్లకు కొదవ లేదు. స్కాన్‌లో ఏ కోడ్ వచ్చిందో, కాయిల్ రబ్బరు ఎలా ఉందో ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.