పూజగది అలమరలో దాచారా?

ముందు ఉత్తరం సంగతి రెండు మాటల్లో. గుంటూరు బ్రాడీపేటలో తల్లితో ఉంటున్న 27 ఏళ్ల అమ్మాయి రాశారు. ఉద్యోగం విజయవాడలో, రోజూ రైల్లో వెళ్లి వస్తారు. తండ్రి పోయారు. అక్క తెల్లగా సన్నగా ఉంటుంది, పెళ్లయి అమెరికా వెళ్లింది. ఈమెది చామనఛాయ, "బొద్దు అనే మాట ఎప్పుడో దాటిపోయాను" అని తానే రాసుకున్నారు. రెండు సంబంధాలు తప్పిపోయాక గవర్నరుపేటలో ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్తున్నారు. ఆవిడ రోజూ నోటుపుస్తకంలో రాయమన్నారు. అయిదో వారంలో అది తల్లి కంటపడింది. "కన్నతల్లిని పరాయివాళ్ల ముందు రాక్షసిని చేస్తావా" అని ఏడ్చి, రెండు పూటలు అన్నం ముట్టలేదట. నన్ను అడిగింది ఒక్కటే: ఇకపై తాళం ఉండే ఫోనులో రాసుకోనా, అసలు మానేయనా?

మానవద్దు. ఫోనైనా కాగితమైనా ఒకటే. మీ ప్రశ్న అయిపోయింది.

ఇప్పుడు నా ప్రశ్న. పుస్తకాన్ని పూజగది అలమరలో వత్తుల డబ్బా వెనుక దాచానన్నారు. మీ ఇంట్లో పొద్దునా సాయంత్రం ఆ డబ్బా తీసేది ఎవరు? మీకు ఆఫీసు సంచి ఉంది, గదిలో తాళం పడే బీరువా ఉంది. అమ్మ చెయ్యి రోజుకు రెండుసార్లు పడే చోటే దొరికిందా? అమ్మ చదవాలనే అక్కడ పెట్టారు. తప్పనడం లేదు. ఎదురుగా అనలేని మాట అలా చేరవేశారు. అది చేరాక ఇప్పుడు తాళం కోసం వెతుకుతున్నారు.

మీరు పంపిన రెండు పేజీలు చదివాను. గడ్డం కింద కొవ్వు, మోచేతుల నలుపు, జాకెట్టు కుట్లు విప్పించిన రోజు, బరువు చూసుకున్నప్పుడు వచ్చిన అంకె. అద్దం ముందు నిలబడి మిమ్మల్ని మీరు తిట్టుకునే పనే ఇక్కడ కలంతో చేస్తున్నారు. ఇలాంటి చికిత్సలో డైరీ రాయించే తీరు వేరు: ఏం జరిగింది, ఆ క్షణంలో మనసులో ఏ మాట మెదిలింది, తర్వాత మీరేం చేశారు, మూడూ విడివిడిగా. "సీమంతంలో ఫోటోకు పిలిచారు. అందరి వెనుకా నిలబడాలి అనిపించింది. వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దాను." ఇలా నెల రోజులు రాస్తే ఆ మధ్య మాట ఎవరి గొంతుతో వినబడుతోందో మీకే తెలుస్తుంది. నాకు రెండు పేజీల్లోనే తెలిసింది.

రాసిన రాత్రి నిద్ర పట్టడం లేదన్నారు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కొందరు విద్యార్థుల చేత 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును నొప్పించిన సంఘటనల గురించి రాయించారు. జరిగినదీ, అప్పటి బాధా కలిపి రాసినవాళ్లకు ఆ రోజుల్లో దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు జబ్బుపడి ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. 15 నిమిషాలని గమనించారా? మీరు రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా రాస్తున్నారు. సాయంత్రం రైల్లో రాయండి. కృష్ణా కెనాల్ దాటాక మొదలుపెట్టి మంగళగిరి రాగానే మూసేయండి.

ఉత్తరం మొత్తంలో నాకు పనికివచ్చినవి రెండే వాక్యాలు. "నాకు అన్నీ మా నాయనమ్మ పోలికలే." "అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాయనమ్మ, ఈ పుల్లను తెచ్చి మా ఇంట్లో పడేశారు అనేదట." మిర్చి చేలో మగవాళ్లతో సమానంగా పనిచేసిన, పొడుగూ నలుపూ వెడల్పు భుజాలూ ఉన్న మనిషి ఆవిడ. ఇప్పుడు లేరు. కోడలు అప్పట్లో దిగమింగిన మాటలు మాత్రం ఉండిపోయాయి. రోజూ వంటింటి గుమ్మంలో అవే భుజాలు, అదే నడక. ఎవరిని అనవలసినవి ఎవరిని అంటున్నారో మీ అమ్మగారికే తెలియకపోవచ్చు. ఇది నా ఊహే, కాదంటారా? అడిగి చూడండి. ఆదివారం మధ్యాహ్నం పక్కన కూర్చుని, పెళ్లయిన ఏడాది నాయనమ్మ నిన్ను ఏమేమి అనేది అని అడగండి. "మరి నువ్వు నన్ను అనడం లేదా" అని ఎత్తిపొడవకండి. కాస్త ఆగితే ఆ మాట ఆమెకే తట్టవచ్చు. తట్టకపోతే వచ్చే ఆదివారం మీరు అనండి.

హాస్టల్లో చేరిపొమ్మని మీ స్నేహితురాలు చెప్పిందట. నేను చెప్పను. అమెరికా నుంచి వచ్చే డబ్బు అమ్మకు జ్వరమొస్తే గంజి కాచి ఇవ్వదు. ఆ పని మీదే. కానీ మందులు తెచ్చివ్వడంతో పాటు అత్తగారి బాకీ కూడా మీరే తీర్చాలని ఎక్కడుంది? కంచం ముందు లావు గురించి మాట వస్తే, కంచం తీసుకుని వరండాలోకి వెళ్తానని ఒకసారి చెప్పండి, రెండోసారి వెళ్లండి. ఆమె అలిగి అన్నం మానేస్తే వండి మూతపెట్టి రైలెక్కండి. బతిమాలింది చాలు.

నాన్నగారు మంచాన పడ్డ ఆఖరి మూడు నెలలూ ఆయనను ఎత్తి కూర్చోబెట్టింది మీరేనన్నారు. ఏ భుజాలతో ఎత్తారు? ఇది రాయండి. 2015లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, తమ ఒళ్లు నచ్చని యువతుల చేత, ఒళ్లు చేయగల పనుల గురించీ అవి తమకు ఎందుకు ముఖ్యమో మూడు విడతలుగా రాయించారు. ఆకారం ఊసే లేని ఆ రాతతో వాళ్లకు తమ ఒంటి మీద తృప్తి పెరిగింది.

రాత్రి భోజనం నెలగా మానేశానని చివర్లో తేలిగ్గా రాశారు. అది తేలిక విషయం కాదు, డైరీతో తీరేదీ కాదు. ఈ వారమే మీ కౌన్సెలర్‌కు చెప్పండి; ఇంతవరకు చెప్పలేదనే నా అనుమానం. ఏ అర్ధరాత్రయినా మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోను చేయండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ అది, ఉచితం.

ఇక ఫోటో సంగతి. స్టూడియోలో తెల్లగా దిద్దించిన ఫోటోను అమ్మ సంబంధాలకు పంపుతుంటే మీరు ఊరుకున్నారు. రెండో సంబంధం వాళ్లు "ఫోటోలో ఇలా లేదే" అన్నారని బాధపడ్డారు. వాళ్లు అబద్ధమాడలేదు కదా. కొత్త ఫోటో దిగండి. రంగు ముట్టుకోవద్దని ముందే చెప్పండి, డబ్బు మీరే ఇవ్వండి.