మార్ష్ మేరీగోల్డ్ ఆకులు రాలితే మొక్క చనిపోయినట్లు కాదు

నీటి కుంట అంచున నాటిన మార్ష్ మేరీగోల్డ్ వసంతంలో విరగబూసి, ఎండలు ముదిరేసరికి ఆకులు పసుపుబారి మాయమైందని, బంతిమొక్కకు పోసినట్లే పైపైన నీళ్లు పోశానని రాశారు. దయచేసి దాన్ని పెరికి పారేయకండి. పూత ముగిశాక, వేసవిలో ఆకులు వదిలి నిద్రావస్థలోకి వెళ్లడం ఈ మొక్కకు సహజం. నేల ఆరితే ఆ నిద్ర ఇంకా ముందే వస్తుంది.

ముందు మొదలు దగ్గర మట్టిని వేలితో మెల్లగా తొలగించి చూడండి. వేర్లు గట్టిగా ఉంటే మొక్క బతికే ఉంది. మెత్తబడి కుళ్లువాసన వస్తేనే ఆశ వదులుకోవాలి. చేతికి తొడుగులు మాత్రం మరవకండి, దీని రసం చర్మాన్ని మండిస్తుంది, తింటే విషం కూడా.

మేరీగోల్డ్ అంటే బంతి కాబట్టి, పేరు మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. బంతికీ దీనికీ చుట్టరికం లేదు, ఇది బటర్‌కప్ కుటుంబానికి చెందినది. బురద నేలలు, తడి పచ్చికబయళ్లు దీని పుట్టిల్లు. బంతి వేర్లు కుళ్లిపోయేంత తడి దీనికి ప్రాణం. అందుకే ఆకులు లేకున్నా మట్టిని ఎప్పుడూ చిత్తడిగా ఉంచండి. మొదలు చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల నీరు నిలిచినా ఫరవాలేదు. మధ్యాహ్నం కాస్త నీడ పడితే ఇంకా మంచిది. ఎరువు ఇప్పుడు వద్దు.

వచ్చే వసంతంలో పూలు వచ్చినప్పుడు ఒకదాన్ని తిప్పి చూడండి. కింద ఆకుపచ్చ రక్షకపత్రాలు (మొగ్గను కప్పి కాపాడేవి) కనిపించవు, ఎందుకంటే మనం రేకులనుకునే ఆ మెరిసే పసుపు దళాలే రక్షకపత్రాలు. నాకు ఈ పువ్వులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.