బాప్తిస్మపు తరగతి చెప్పబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. బాప్తిస్మానికి సిద్ధపడేవారి తరగతి ఈసారి నీకు అప్పగించారని విని సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మొదటి రోజు నీవు తక్కువ మాట్లాడు, వాళ్లను మాట్లాడనివ్వు. బాప్తిస్మం ఎందుకు తీసుకోవాలనుకుంటున్నావని ఒక్కొక్కరినీ అడుగు.

"సారా మానేశానండి అయ్యగారూ. ఆదివారం మందిరం తప్పడం లేదు. దశమభాగం కూడా ఇస్తున్నాను." ఎక్కువమంది ఇలాగే చెబుతారు. అన్నీ మంచివే, తీసిపారేయకు. కానీ గమనించు, ఆ జవాబులో యేసు పేరు లేదు. తాను మానినవి, తాను ఇచ్చినవి మాత్రమే ఉన్నాయి. ఇదే మనిషి రేపు ఏదో పెళ్లిలో బంధువుల బలవంతం మీద రెండు గుక్కలు తాగితే ఏమవుతుంది? మందిరం వైపు రాడు. నీవు ఎదురైతే సందు మార్చి వెళ్లిపోతాడు. రక్షణ తన మానివేత మీద నిలబడిందని అనుకున్నాడు కాబట్టి, అది పోగానే ఇదీ పోయిందనుకుంటాడు. మన సంఘాల్లో వెనుకకు జారిపోయారని మనం అనేవాళ్లలో చాలామందిది ఇదే కథ. సాక్ష్యాల కూటాల్లో "ఒకప్పుడు అలా ఉండేవాణ్ని, ఇప్పుడు ఇలా ఉన్నాను" అన్నదానికే చప్పట్లు కొట్టి ఈ అలవాటు పెంచింది మనమే అని నా అభిప్రాయం.

కాబట్టి రెండో రోజు లూకా 18వ అధ్యాయం తీయించు. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడి ప్రార్థన వాళ్లలోనే ఒకరితో చదివించు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదో వంతు. అతడు అబద్ధమాడాడని ప్రభువు అనలేదు, ఆ మాట నొక్కి చెప్పు. అవన్నీ నిజంగా చేసినవాడే. అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది పాపినని రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఇక్కడ తొందరపడి వివరణ మొదలుపెట్టకు. కాసేపు ఊరుకో. ఎవరో ఒకరు "అయితే మేము చేసినదంతా వృథానా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చాకే ఎఫెసీ 2:8, 9 చదువు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు." అక్కడ ఆపేయకుండా పదో వచనం కూడా చదివించు. సత్‌క్రియలు అక్కడ ఉన్నాయి, రక్షణ తరువాత ఉన్నాయి. చాలామంది ప్రసంగీకులు తొమ్మిదో వచనం దగ్గర పుస్తకం మూసేస్తారు, అది నాకు నచ్చదు.

యాకోబు పత్రిక సంగతి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. విశ్వాసం మాత్రమే కాదు, క్రియలు కూడా అని అతడు రాశాడు కదా అంటారు. వాదనకు దిగకు. బోర్డు మీద ఆదికాండము 15, 17, 22 అని మూడు అంకెలు వెయ్యి. పదిహేనులో అబ్రాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. సున్నతి పదిహేడులో, తొంభై తొమ్మిదో ఏట. మధ్యలో ఇష్మాయేలు పుట్టేనాటికి అతనికి ఎనభై ఆరు. అంటే నమ్మకానికీ సున్నతికీ మధ్య కనీసం 13 ఏళ్లు. రోమా 4లో పౌలు పట్టుకున్నది ఆ ఎడాన్నే. యాకోబు చూపించేది ఇరవై రెండు, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. ఎప్పుడో నమ్మినవాడి నమ్మకం ఆనాడు బయటపడింది. అంకెలు కళ్ల ముందు ఉంటే చదువురాని వాళ్లకు కూడా వరుస అర్థమవుతుంది.

ఒంగోలు ప్రాంతపు పెద్దలు అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి చెప్పుకుంటారు, అదీ చెప్పు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించాడు. సహాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలి కూలే, బాప్తిస్మం బాప్తిస్మమే. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు" అన్న రోమా 4:4 వివరించడానికి మన నేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కతోలికుల ఇళ్లలో పుట్టినవారు తరగతిలో ఉంటే వాళ్ల పెద్దలను చిన్నబుచ్చకు. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ల ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం మనిషి నీతిమంతుడిగా ఎలా ఎంచబడతాడన్న ఈ విషయం మీదే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. అన్ని తేడాలూ తీరిపోలేదు, కానీ పాత తిట్లు తిట్టుకునే కాలం పోయింది.

ఇంకొకటి జాగ్రత్త. క్రియలను దించిన చోట విశ్వాసాన్నే మరో క్రియగా ఎక్కించేవాళ్లు ఉన్నారు. జబ్బు తగ్గకపోతే "నీ విశ్వాసం చాలలేదు" అంటారు. ఆ మాట విన్న తల్లి నీ దగ్గరకు ఏడుస్తూ వస్తుంది. ఆమెకు సంఖ్యాకాండము 21 చదివి వినిపించు. పాము కాటు తిన్నవాళ్లు మోషే స్తంభం మీద పెట్టిన ఇత్తడి సర్పాన్ని చూశారు, బ్రతికారు. ఎంత గట్టిగా చూశారని ఎవరూ కొలవలేదు.

"అయితే ఏం చేసినా ఫరవాలేదా?" అని కుర్రాళ్లు అడిగితే కోప్పడకు. పౌలుకు కూడా ఆ ప్రశ్న తప్పలేదు, రోమా 6 దానికి జవాబే. దానికి ఒక పూట మొత్తం కేటాయించు.

తరగతి అయ్యాక, పెళ్లిలో తాగి మొహం చాటేసినవాడు ఉంటే వారం ఆగకుండా ఇంటికి వెళ్లు. తాగుడు గురించి నీవు ఎత్తకు, అతడే ఎత్తుతాడు. అప్పుడు సుంకరి ప్రార్థన అతనితోనే చదివించు.

ప్రభువులో నీ అన్న