రిపీటర్ మీద బటన్ నొక్కే ముందు

హ్యామ్ రేడియో శీర్షికకు ఈసారి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రిపీటర్ గురించే ఉన్నాయి. రిపీటర్ అంటే మన సెట్ల సిగ్నల్‌ను ఒక ఫ్రీక్వెన్సీలో విని, మరో ఫ్రీక్వెన్సీలో దూరాలకు తిరిగి పలికే స్టేషన్. ఆ ఉత్తరాలకు జవాబులు ఇవి.

ప్రశ్న: కొత్తగా లైసెన్సు వచ్చింది. రిపీటర్ అందుతోందో లేదో చూద్దామని రోజూ నాలుగైదుసార్లు పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కి వదిలేస్తుంటాను. బటన్ వదిలాక రిపీటర్ నుంచి కాసేపు వచ్చే తోక చప్పుడు వినిపిస్తే అందినట్టే కదండీ? క్లబ్బులో పెద్దవాళ్లు విసుక్కుంటున్నారు. – అమలాపురం పాఠకుడు

జవాబు: తోక వినిపిస్తే మీ సిగ్నల్ రిపీటర్‌ను లేపిందని మాత్రమే తెలుస్తుంది. మీ మాట అవతలివాళ్లకు అర్థమవుతోందో లేదో తెలియదు. బలహీనమైన సిగ్నల్‌కు కూడా రిపీటర్ తెరుచుకుంటుంది, మాట మాత్రం గరగరలో మునిగిపోతుంది. అది చెప్పాలంటే ఇంకొకరి చెవి కావాలి. అందుకని ఒక నిమిషం వినండి. ఎవరూ మాట్లాడకపోతే మీ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చిన గుర్తింపు పేరు) చెప్పి, "టెస్టింగ్, ఎవరైనా రిపోర్టు ఇస్తారా?" అని అడగండి. ఎవరూ పలకకపోతే మళ్లీ కాల్‌సైన్ చెప్పి ముగించండి.

పెద్దల విసుగులో న్యాయముంది. మీరు ఊరికే నొక్కిన ప్రతిసారీ రిపీటర్ రెండు మూడు సెకన్లు ప్రసారం చేస్తుంది. సెట్లు ఆన్‌లో పెట్టుకుని పని చేసుకుంటున్నవాళ్లందరి గదుల్లో 'టక్, ఝుమ్' మంటుంది. పైగా కాల్‌సైన్ లేని ప్రసారం లైసెన్సు షరతులకు విరుద్ధం.

రిపీటర్ వినిపిస్తున్నా మీకు తెరుచుకోకపోతే ముందు సెట్టింగులు చూడండి. రెండు మీటర్ల బ్యాండులో రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ, పలికే దానికన్నా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ తక్కువ. రిపీటర్ 145.700లో పలుకుతుంటే మీ సెట్ 145.100లో ప్రసారం చేయాలి. ఈ తేడానే ఆఫ్‌సెట్ అంటారు, సెట్‌లో దాని గుర్తు మైనస్ ఉండాలి. క్లబ్ ఇచ్చిన సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతో పాటు వెళ్లి రిపీటర్‌ను తెరిచే గుర్తు స్వరం) ప్రసారం వైపు పెట్టాలి. చాలామంది స్వీకరణ వైపు పెట్టి తికమక పడతారు. మీ గొంతు మరీ సన్నగా వినిపిస్తోందంటే సెట్ 'నారో'లో (ఇరుకు ప్రసార పద్ధతిలో) ఉండి ఉంటుంది.

ప్రశ్న: నా మొదటి మాట ఎప్పుడూ తెగిపోతోందంటున్నారు. ఒక్కోసారి మాట మధ్యలో రిపీటరే ఆగిపోతోంది. – పాలకొల్లు

జవాబు: రెండూ తొందర వల్ల వచ్చేవే. బటన్ నొక్కగానే దారి తెరుచుకోదు. మీ సెట్ ప్రసారంలోకి రావాలి, రిపీటర్ టోన్‌ను గుర్తుపట్టాలి, దాని ట్రాన్స్‌మిటర్ లేవాలి, వినేవారి సెట్‌లో గరగరను మూసి ఉంచే స్క్వెల్చ్ తెరుచుకోవాలి. ఇదంతా అర సెకను పైనే పడుతుంది. నొక్కి, ఒక లిప్త ఆగి, మాట మొదలుపెట్టండి. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు ఉంచండి.

రెండోది టైమర్ సంగతి. చాలా రిపీటర్లకు మూడు నిమిషాల టైమర్ ఉంటుంది. ఎదుటివారు వదిలాక 'బీప్' వచ్చేదాకా ఆగితేనే అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. బీప్ రాకముందే మీరు అందుకుంటే, అవతలివారి రెండున్నర నిమిషాలు మీ ఖాతాలోకి వస్తాయి, అర నిమిషంలో రిపీటర్ కట్! ఆ ఖాళీకి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. అత్యవసరమైనవారు తమ కాల్‌సైన్ చెప్పి లోపలికి రాగలిగేది అప్పుడే.

మన వైపు మర్యాద ఎక్కువ కదా, "ఉంటానండి", "ఆయ్, ఉంటానండి మరి", "మంచిదండి, ఉంటాను" అని వీడ్కోలుకే ఐదు వంతులు నడుస్తాయి. ఒక్కటి చాలు.

ప్రశ్న: మా పేటలోనే ఉండే ఇద్దరు పెద్దలు రోజూ సాయంత్రం రిపీటర్ మీద గంటసేపు కబుర్లాడుకుంటారు. పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి? – భీమవరం

జవాబు: గాలిలో మాత్రం చెప్పకండి. అక్కడ దెప్పితే వినేవాళ్లందరి ముందూ తగువవుతుంది. నేరుగా కలిసి, సెట్‌లో రివర్స్ బటన్ ఒకసారి నొక్కి చూడమనండి. రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ అప్పుడు నేరుగా వినిపిస్తుంది. అక్కడ ఎదుటివారు శుభ్రంగా వినిపిస్తే వారిద్దరికీ రిపీటర్ అక్కర్లేదు, సింప్లెక్స్ (సెట్ నుంచి సెట్‌కు నేరుగా మాట్లాడటం) చాలు. ఒకే పేట అంటున్నారు గనక ఒక్క వాట్ కూడా ఎక్కువే.

ప్రశ్న: ఇంట్లోంచి 5 వాట్ల చేతి సెట్‌తో మాట్లాడితే గరగర. 50 వాట్ల సెట్ కొనమంటారా? – రాజోలు

జవాబు: ముందు యాంటెన్నా పైకెక్కించండి. డెల్టా బల్లపరుపు నేల, అడ్డొచ్చేది కొండలు కాదు, భూమి వంపు, కొబ్బరి తోటలు. లెక్క తేలికే. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపులవీ కలపాలి. రిపీటర్ యాంటెన్నా 40 మీటర్ల మీద ఉంటే దాని వాటా 26. మీ చేతిలోని సెట్ మీటరున్నర ఎత్తులో ఉంటే 5, మొత్తం 31. డాబా మీద పది మీటర్ల ఎత్తున జె-పోల్ యాంటెన్నా నిలబెడితే మీ వాటా 13 అవుతుంది, మొత్తం 39. తడిసిన కొబ్బరాకులు సిగ్నల్‌ను మింగుతాయి గనక యాంటెన్నా మట్టల పైకి వస్తే ఇంకా మేలు.

కేబుల్ దగ్గర పొదుపు వద్దు. 15 మీటర్ల ఆర్‌జీ-58లో సుమారు సగం శక్తి వేడిగా పోతుంది. అదే పొడవు ఆర్‌జీ-213లో పోయేది పావు వంతు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, కనెక్టర్ మీద మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు వేసి, దాని మీద మామూలు టేపు చుట్టండి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట కిందికి వంపు వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే కొలత) నెమ్మదిగా మారుతూ ఉంటే కేబుల్లోకి నీరు దిగిందేమో చూడండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు చూసే కుర్రాళ్లతో రిపీటర్ మీద మాట్లాడుకోవచ్చా? – ఉండి

జవాబు: కూడదు. వ్యాపార అవసరాలకు హ్యామ్ బ్యాండులు లేవు, లైసెన్సు లేనివాళ్లు ప్రసారం చేయకూడదు. 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో తక్కువ శక్తి చేతి సెట్లకు 2018 నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. ఆ కోవలో ఆమోదం పొందిన సెట్లే కొనండి. చెరువు గట్ల మీద ఆ సెట్లు అందే దూరం సరిపోతుంది.

ప్రశ్న: తుఫాను రోజుల్లో కరెంటు పోతే రిపీటర్ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? మేం ఎలా నడుచుకోవాలి? – నరసాపురం

జవాబు: అది మీ నోళ్లమీదే ఆధారపడి ఉంది. 25 వాట్ల రిపీటర్ పలుకుతున్నప్పుడు సుమారు 6 యాంపియర్లు, ఊరికే వింటున్నప్పుడు అర యాంపియర్ తీసుకుంటుందనుకుందాం. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు, అంటే చేతిలో ఉన్నది 50. ఆపకుండా మాట్లాడితే అది ఎనిమిది గంటల్లో అయిపోతుంది. గంటకు 12 నిమిషాలే పలికిస్తే సగటున 1.6 యాంపియర్లు, 31 గంటలు వస్తుంది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమకు ఒక రాత్రి, ఒక పగలు తేడా ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

అందుకే నెట్ (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా సందేశాలు పంపుకునే ఏర్పాటు) నడుస్తున్నప్పుడు, దాన్ని నడిపే కంట్రోల్ స్టేషన్ పిలిస్తేనే పలకండి. "తుఫాను ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడగడానికి రిపీటర్ కాదు, ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. సందేశం ముందు కాగితం మీద రాసుకోండి: సంఖ్య, సమయం, ఎవరి నుంచి, ఎవరికి, విషయం. గాలిలో ఆలోచించుకుంటూ మాట్లాడితే పది సెకన్ల మాట నిమిషం తింటుంది. అంకెలు విడివిడిగా చెప్పండి. గరగరలో 'ఇరవై', 'అరవై' ఒకేలా వినిపిస్తాయి. "రెండు, సున్నా" అంటే ఆ గొడవ లేదు. ధవళేశ్వరం నీటిమట్టం చెప్పేటప్పుడు 17.75 అడుగులు, అంటే మూడో ప్రమాద హెచ్చరిక అని చెప్పి, ఆ కొలత ఎన్ని గంటలదో కూడా చెప్పాలి. వినేవారు తిరిగి చదివి వినిపించాకే సందేశం అందినట్టు.

రిపీటరే పడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. ఆఫ్‌సెట్ తీసేసి, రిపీటర్ పలికే ఫ్రీక్వెన్సీలోనే సింప్లెక్స్‌గా వినడం తేలిక పద్ధతి. లంక గ్రామాల సందేశాలను డాబా యాంటెన్నా ఉన్నవారు మధ్యలో అందుకుని పంపాలి. అదెవరో వాన మొదలయ్యాక తేల్చుకునేది కాదు.

ప్రశ్న: నిన్న రిపీటర్ మీద బైకు చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు నిమిషాలకు ఆగింది, మళ్లీ వచ్చింది. ఎవరైనా కావాలని చేస్తున్నారా? – తణుకు

జవాబు: సంచిలోనో సీటు కిందో ఎవరి పీటీటీయో నొక్కుకుపోయి ఉంటుంది. పాపం ఆ మనిషికి తెలియదు, తన సెట్ ప్రసారంలో ఉన్నంతసేపూ మీరెంత పిలిచినా వినపడదు. ఫోన్ చేయాలి. ఎవరో తెలియకపోతే రివర్స్ నొక్కి వినండి. నేరుగా వినిపిస్తే దగ్గరలోనే ఉన్నట్టు. చేతి సెట్ గుండెకు ఆనించి మెల్లగా చుట్టూ తిరగండి. సిగ్నల్ బాగా తగ్గినప్పుడు ఆ స్టేషన్ మీ వీపు వైపున ఉంటుంది.