తమిళుడైన అజరయ్యను తెలుగు పల్లెలు తమ బిషప్పుగా ఎలా స్వీకరించాయి?

నా సమాధానం ఒక్కటే: ఆయన మన భాష నేర్చుకున్నారు. మిగిలినవన్నీ దాని వెంట వచ్చినవే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువజన సంఘంలో ఉద్యోగం మానుకుని, 1909లో నిజాం ఏలుబడిలోని డోర్నకల్‌కు వచ్చేనాటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్లు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఇంగ్లండు చర్చి శాఖ అయిన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. మా సంఘపు సంచికలు ఏటా 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగాన్నే, ‘మాకు స్నేహితులను ఇవ్వండి’ అని మిషనరీలను అడిగిన మాటనే తిప్పి తిప్పి అచ్చు వేస్తాయి కానీ, ఆయన మన మాల మాదిగ పల్లెల్లో తిరిగిన ముప్ఫై అయిదేళ్ల గురించి నాలుగు వాక్యాలైనా రాయవు.

మా నాయనమ్మ ఎనభయ్యో పడిలో ఉండగా ఆమెను డోర్నకల్ తీసుకువెళ్లాను. అజరయ్య కట్టించి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్ (బిషప్పు పీఠం ఉండే పెద్ద చర్చి) గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. ఆమె ఒక స్తంభాన్ని రెండు చేతులతో తడుముతూ, ‘మా ఊరి గుడి స్తంభాలు ఇట్లనే ఉంటయిరా, కాని వాటిని దూరం నుంచి చూసుడే, ఎన్నడు ముట్టలే’ అన్నది. ఆ కట్టడం గురించి వాస్తుశిల్పులు రాసినవి నేను చదివాను. ఆ ఒక్క మాట ముందు అవన్నీ నాకు చప్పగా తోచాయి.

తరువాత అజరయ్య సమాధి దగ్గర ఆమె తన తలపై చేయి పెట్టుకుని, ‘అయ్యో, నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ’ అన్న బైబిలు వాక్యం పలికింది. బాప్తిస్మం పొందేవారి చేత అజరయ్య అలా పలికించేవారు. చదువు రాని కూలీలు సైతం పొరుగూళ్లకు వెళ్లి బోధించడానికి ఆ వాక్యమే కారణమని నా నమ్మకం.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా ఆయన పట్టా పుచ్చుకోలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పేరు ముందు ‘డాక్టర్’ తగిలించుకోవడానికి నేటి పాస్టర్లు కొందరు పడే తాపత్రయం చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తిరుగు ప్రయాణంలో, ‘అయ్యగారు తమిళాయన అని నీకు తెలుసా’ అని నాయనమ్మను అడిగాను. ఆమె నన్ను నమ్మలేదు.