మంచుకొండ ఎక్కబోయే అమ్మలుకి, ఎండ గురించి

అమ్మలూ,

డిసెంబరు ఆఖర్లో ఆఫీసు ఫ్రెండ్స్‌తో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కింగ్‌కి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పిందనేకంటే ఏడ్చినంత పని చేసింది అనాలి. నేను మాత్రం ఆ పూటే మీ పెద్దమ్మతో మొదలుపెట్టి పాలబ్బాయి దాకా అందరికీ చాటింపు వేసేశాను, మా తమ్ముడి కూతురు 12,500 అడుగుల కొండ ఎక్కబోతోందని.

మీ అమ్మకి చలంటే భయం. థర్మల్స్, మంకీ క్యాప్, రెండు జతల గ్లౌజులు అంటూ లిస్టు రాస్తోందట, ఆ సంగతి ఆవిడ చూసుకుంటుందిలే. నా భయం ఎండ. నవ్వకు. మిలిటరీలో నర్సింగ్ అసిస్టెంటుగా కార్గిల్ దగ్గర ద్రాస్ వైపు ఉన్నప్పుడు, మంచు మధ్య ఎండకి కమిలి బొబ్బలెక్కిన మొహాలతో మా దగ్గరికి వచ్చినవాళ్లని చూశాను నేను. అందులో మనవాళ్లదీ ఒకటే మాట, "రోహిణి కార్తెలో పొలంలో తిరిగినోళ్లం సార్, ఈ ఎండ మాకో లెక్కా" అని. వేడి వేరు, చర్మాన్ని కాల్చే అల్ట్రావయొలెట్ (యూవీ) వేరు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే అది సుమారు 10 శాతం పెరుగుతుంది. కొత్తగా పడిన మంచయితే తన మీద పడినదాంట్లో 80 శాతం దాకా తిరిగి నీ మొహం మీదికే కొడుతుంది. అందుకే టోపీ పెట్టుకున్నా సరే గడ్డం కింద, ముక్కు అడుగున, చెవుల దగ్గర కాలుతుంది, చల్లగాలికి ఆ సంగతే తెలీదు. మబ్బుగా ఉందని ధీమా పడొద్దు.

ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ దండిగా రాసుకో, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకో, పెదాలకీ, చెవులకీ, మెడ వెనక కూడా. ట్యూబు లోపలి జేబులో పెట్టుకో, లేకపోతే గడ్డకడుతుంది. ఇదంతా మీ ట్రెక్ గైడు కూడా చెప్తాడు.

ఆయన చెప్పకపోవచ్చుననిపించేది ఒకటుంది. మనలాంటి చామనఛాయ ఒంటి మీద కమిలిన ఎరుపు సరిగ్గా కనపడదు. అద్దంలో చూసుకుని బానే ఉన్నాను అనుకుంటావు. సాయంత్రం టెంట్‌లోకి రాగానే చేతి వెనకభాగంతో మెడ, చెంపలు తాకి చూసుకో. వేడి చిమ్ముతున్నా, చర్మం బిగుసుకుపోయినట్టున్నా, దుస్తులు రాసుకుంటే చురుక్కుమంటున్నా కాలినట్టే. మంట 12 నుంచి 24 గంటల మధ్య బాగా ముదురుతుంది, బొబ్బలు మర్నాటికి తేలొచ్చు. కాబట్టి ఆ మర్నాడు ఎండలోకి వెళ్లేటప్పుడు ఆ చోటంతా గుడ్డతో కప్పుకునే వెళ్లు.

బొబ్బలు వచ్చాయా, ఇక చేతులు కట్టుకుని కూర్చో. సేఫ్టీ పిన్ను జోలికి వెళ్లకు. నువ్వు చిన్నప్పుడు మోకాలి మీద పక్కులు గిల్లుకుని తినేదానివి తెలుసా, అందుకే చెప్తున్నాను.

మా యూనిట్లో పల్నాడు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు, మహా హుషారు. మంచు పడి తెరిపిచ్చిన రోజున, ఎండ తళతళలాడుతుంటే టోపీ తీసేసి పొద్దంతా పారతో మంచు ఎత్తాడు. సాయంత్రానికి మెడ మంటెత్తిపోతోందని అదే మంచు గుప్పెడు తీసి రుద్దుకున్నాడు. కాలిన చర్మానికి మంచు ఇంకో దెబ్బ, హాయిగా అనిపిస్తుంది కానీ లోపల కణజాలం ఇంకా పాడవుతుంది. తెల్లారేసరికి మెడ వెనక రేగుపళ్లంత బొబ్బలు. మా దగ్గరికి వస్తే తోటివాళ్లు వెక్కిరిస్తారని సిగ్గు. గడ్డం గీసుకునే బ్లేడుతో తనే చిదిమి, పైతోలు ఒలిచేసి, టూత్‌పేస్టు పట్టించి, దాని మీద ఉన్ని మఫ్లరు చుట్టుకున్నాడు. మా దగ్గరికి తెచ్చేనాటికి మఫ్లరు మెడకి అతుక్కుపోయింది. దాన్ని లాగడానికి లేదు. సెలైన్ సిరంజిలోకి తీసుకుని పోగు పోగునా తడుపుతూ, పట్టకారుతో ఊడదీస్తుంటే, అంత మొనగాడూ మంచం కోడు పట్టుకుని "అమ్మా అమ్మా" అని ఏడ్చాడు. కింద చీము, చెవి వెనక నుంచి కిందికి ఎర్రని చారలు, ఒళ్లు కాలిపోయే జ్వరం. నరం ద్వారా యాంటీబయోటిక్స్ ఎక్కించాల్సి వచ్చింది. బతికాడు, బానే ఉన్నాడు, రిటైరయి మనవల్ని ఆడిస్తున్నాడు కానీ మెడ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. బొబ్బ మీదున్న పైతోలే కట్టు అని ఆ పిల్లాడికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

సరే, ఇంటి వైద్యం. నీడలోకి వచ్చేయ్. చల్లటి నీళ్లలో (ఐసు నీళ్లు కాదు) మెత్తని గుడ్డ ముంచి పిండి, కాలిన చోట మాత్రం పావుగంట సేపు వేసుకో, రోజుకి కొన్నిసార్లు. ఒళ్లంతా తడుపుకోకు, అక్కడ చలి చంపేస్తుంది. బొబ్బ లేనిచోట వాసన లేని మాయిశ్చరైజరో కలబంద జెల్లో రాసుకో. నొప్పికి ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది కానీ నీకు కడుపులో మంట ఉంది కదా, పారాసెటమాల్‌తో సరిపెట్టుకో. దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగు. బొబ్బ దానంతటదే పగిలితే శుభ్రమైన నీళ్లు, సబ్బుతో మెల్లగా కడిగి, తోలు పీకకుండా, వాజలైన్ రాసి, పుండుకి అంటుకోని గాజ్ గుడ్డతో కట్టు కట్టుకో. వెన్న, నెయ్యి, పసుపు, కాఫీ పొడి ఏవీ వద్దు. మీ నానమ్మ కాలితే ఇంకు పోసేది, ఆ తల్లి మాట ఎత్తకు ఇక్కడ.

ఇక ఎప్పుడు దిగిపోవాలి? బొబ్బలు మొహం మీదో అరచేతుల్లోనో పెద్దవిగా వచ్చినా, వీపంతా పరుచుకున్నా, జ్వరం 102 దాటినా, వణుకూ వాంతులూ ఉన్నా, ఒంటికి పోవడం తగ్గిపోయినా, చీము పట్టినా, ఎర్రచారలు పాకినా ఆగొద్దు. మాట తడబడి మనిషి అయోమయంగా ఉంటే అసలే ఆగొద్దు. తలనొప్పి, వికారం ఎండదెబ్బ వల్లేనని నీకు నువ్వే సర్ది చెప్పుకోకు, ఎత్తు పడకపోయినా అవే వస్తాయి, వెంటనే గైడుకి చెప్పు. మీ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరి నుంచి డెహ్రాడూన్ దాదాపు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. రేపు చూద్దాంలే అంటే ఆ రేపు రోడ్డు మీదే అయిపోతుంది. 108 ఉత్తరాఖండ్‌లోనూ ఉంది. గ్రూపు వాళ్ల ట్రిప్పు పాడవుతుందని మొహమాటపడ్డావంటే నేనూరుకోను.

కళ్లకి యూవీ 400 అని రాసున్న, పక్కలు కూడా మూసే గాగుల్స్ తీసుకో, స్టైలు కోసం సన్నటివి కొనకు. మంచు ఎండ కళ్లని కాల్చినా వెంటనే తెలీదు, కొన్ని గంటలు పోయాక ఇసుక పోసినట్టు ఉంటుంది. నలపకు, కాంటాక్ట్ లెన్సులు తీసేసి చీకట్లో పడుకో, చూపు మసకబారితే డాక్టరు దగ్గరికి.

ఇంకోటి, నువ్వు మొటిమలకి మాత్రలు వాడుతున్నావట. డాక్సీసైక్లిన్ అయినా, ఐసోట్రెటినాయిన్ అయినా చర్మం మామూలుకంటే తొందరగా కమిలిపోతుంది. టికెట్లు, బూట్లు తర్వాత కొనొచ్చు, రాత్రికల్లా ఆ మాత్రల షీటు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఎన్నాళ్లు ముందు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో నీకు రాసిచ్చిన డాక్టరుని అడుగుదువుగాని.

ఉంటాను,
మీ పెదనాన్న