వరి పొట్టు పడిన కన్ను, ఒక చుక్కల సీసా

పొలంలో కంటికి దెబ్బ తగిలి నల్లగుడ్డుపై పుండు పడితే యాంటీబయాటిక్ చుక్కలు సరిపోతాయా అని అడిగారు. ఏ సూక్ష్మజీవో తేలకుండా వేసే ఏ చుక్కలూ సరిపోవని నేను చెబుతాను, ఎందుకంటే మా మామయ్యగారి విషయంలో ఆ తప్పు నా చేతులతోనే జరిగింది.

ధాన్యం తూర్పారబడుతుండగా ఆయన ఎడమ కంట్లో పొట్టు పడింది. కండువా కొసతో నులుముకొని సాయంత్రం దాకా పని చేశారు. మూడో నాటికి కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన చుక్కలు తెచ్చి నేనే వేశాను. రెండు రోజులు ఎరుపు తగ్గింది, అందరం సంతోషించాం. ఆ సీసాలో స్టెరాయిడ్ కూడా ఉందనీ, అది ఎరుపును అణచి పుండును పెరగనిచ్చిందనీ కంటి ఆసుపత్రికి వెళ్ళాకే తెలిసింది.

అక్కడ వైద్యురాలు పుండు చుట్టూ తెల్లని చుక్కలు పూలదండలా పేరుకున్నాయని గమనించి, కంటికి తిమ్మిరి మందు వేసి, అంచును బ్లేడుతో గీకి పరీక్షకు పంపారు. సూక్ష్మదర్శినిలో కొమ్మలు చీలిన సన్నని దారాలు కనిపించాయి. దారాలనగానే ఫంగస్ అనుకొని, ఫంగస్‌ను చంపే నాటమైసిన్ చుక్కలు మొదలుపెట్టే ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. గీకి తీసిన నమూనాకు ఎర్ర రంగు పట్టించి, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగినా ఆ దారాల ఎరుపు పోలేదు కనుక, అది మట్టిలో బతికే నోకార్డియా అనే బ్యాక్టీరియా అని తేలింది. ఇంజెక్షన్ మందునే పలుచన చేసి 2.5 శాతం అమికాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు తయారుచేసి ఇచ్చారు. తొలి రోజుల్లో గంటకొకసారి, రాత్రిళ్ళు కూడా, అత్తయ్యగారూ నేనూ వంతులవారీగా మేలుకొని వేశాం.

కంట్లో పసరు పోసే ముసలమ్మలను తిట్టేవారు చాలామంది ఉన్నారు, చీటీ అడగకుండా స్టెరాయిడ్ అమ్మే దుకాణాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ప్రధానంగా మన దేశపు అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 500 మంది బ్యాక్టీరియా పుండ్ల రోగులపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, యాంటీబయాటిక్ ఇస్తూ స్టెరాయిడ్ చేర్చినా నోకార్డియా సోకినవారికి మచ్చ పెద్దదే అయింది. ఇక మందేమీ లేకుండా ఒట్టి స్టెరాయిడ్ పడిన పల్లె కళ్ళ సంగతి చెప్పాలా? సూక్ష్మజీవులకంటే ఆ సీసాలే ఎక్కువ చూపు తిన్నాయని నా గట్టి నమ్మకం.

పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. నల్లగుడ్డు మీద పువ్వు మిగిలిపోయింది. పంచాంగంలో చిన్న అక్షరాలు చదవాలంటే మామయ్యగారు ఇప్పటికీ ఎడమ కన్ను మూసుకుంటారు.